తలకి ఒకటి, తుపాకీకి ఒకటి

ఏడో తరగతి నాకు ఎంత నచ్చిందంటే రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా కూర్చునేవాణ్ణే గాని, మాస్టారే మా ఇంటికొచ్చి "వీణ్ణి ఏదైనా పనిలో పెట్టండి, బెంచీ అరిగిపోతోంది" అని మా నాన్నని బతిమాలుకున్నాడు. ఇక తుపాకీ పేల్చడంలో నా అనుభవం అంతకంటే గొప్పది. చిన్నప్పుడు దీపావళికి రీళ్ళ తుపాకీ పేల్చాను. రీలు బాగానే ఉంది, నా బొటనవేలు కాలింది.

అలాంటి నన్ను పట్టుకుని మొన్న మా కఫీల్ పెద్దకొడుకు, "తుపాకీ ఇంట్లోనే శుభ్రం చేసుకోవాలంటే ఏమేం కొనాలి, నువ్వు చెప్పు" అని దుకాణానికి బయల్దేరదీశాడు. కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో వాళ్ళింట్లో నేను డ్రైవర్ని. కఫీల్ అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. చాలా ఏళ్ళు బయటి దేశంలో ఉండి వచ్చిన ఆ అబ్బాయికి కొత్తగా తుపాకీ లైసెన్సు వచ్చింది. ముప్ఫయ్యేళ్ళవాడు, ఎగిరే మట్టి పళ్ళేల్ని కాల్చే పోటీలకి వాళ్ళ నాన్నతో పాటు వెళ్ళాలని సరదా.

దుకాణంవాడు ఒక పెట్టె తెరిచాడు. అరవై సామాన్లు. నల్లటి స్పాంజిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుంట, పెళ్ళికూతురి నగల పెట్టెలా ఉంది. అబ్బాయి కళ్ళు మెరిశాయి. నేను ఏమీ ఆలోచించలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: "ఇందులో మనకి పనికొచ్చేవి ఆరు. మిగతావన్నీ మన చేత తప్పు చేయించడానికి పెట్టినవి."

అబ్బాయి నన్ను కొత్తగా చూశాడు. దుకాణంవాడు పాతపగతో చూశాడు. నాకు మాత్రం చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. ఎందుకంటే ఆ మాట నాది కాదు. నేను చచ్చేదాకా క్షమించనని ఒట్టు పెట్టుకున్న మనిషిది. ఆ మనిషి పోయాడని కబురు తెలిసి అప్పటికి మూడు వారాలైంది. పోయినవాడు పోయినట్టుండక, నా నోట్లో కూర్చుని దుకాణంలో మాట్లాడుతున్నాడు.

ఆయన పేరు రాయను. పేరు మర్చిపోయి కాదు. మనిషిని లోకం తలుచుకోవాలంటే పేరుండాలి కదా, అది ఇవ్వను. నా చేతిలో మిగిలిన పగ అదొక్కటే.

కోనసీమ మనిషి. నేను ఆ ఇంట్లో చేరేనాటికే ఆయన అక్కడ ఇరవై ఏళ్ళ నుంచీ ఉన్నాడు. ఇఖామాలో, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులో, ఆయన పని తోటమాలి అని రాసుంది. ఆ ఇంటికి తోట లేదు. గేటు పక్కన ఒక ఖర్జూరం చెట్టుండేది, దాని వంక కూడా ఆయన ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. ఆయన అసలు పని దివానియాలో. అంటే మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్ద హాలు. వచ్చినవాళ్ళకి గహ్వా, అదే అరబ్బు కాఫీ, పోయడం, ఆ హాలు పక్క గదిలో ఉన్న నాలుగు తుపాకుల్ని చూసుకోవడం. నేను ఆయన్ని మావయ్యా అనేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడు గారూ అనేవాడు. ఆ 'గారు'లో ఉన్న వెటకారం గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

తుపాకీ ముట్టుకునే ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. పాత తువ్వాలు బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా రెండు అరచేతులతో సాపు చేసేవాడు. కళ్ళద్దాలకి ఒక కాడ పోతే దారం కట్టుకున్నాడు, ఆ దారం చెవికి చుట్టుకునేవాడు. అప్పుడు తుపాకీని మడతకత్తిలా మధ్యకి విరిచి, గొట్టాల్ని కిటికీ వైపు పెట్టి, ముందు కుడికంటితో, తర్వాత ఎడమకంటితో చూసేవాడు. చూసింది చాలక చిటికెన వేలు లోపల పెట్టి తడిమేవాడు. అప్పుడు పైకి వినపడేలా "ఖాళీ" అనేవాడు. గదిలో ఎవరూ లేకపోయినా అనేవాడు. మధ్యలో టీ తాగడానికి లేచి వచ్చినా మళ్ళీ మొదట్నుంచీ చూడాల్సిందే. "ఇందాకే చూశావు కదా మావయ్యా" అంటే, "ఇందాకటి ఖాళీ ఇందాకటిది" అనేవాడు. ఒకరోజు నా టోపీ ఎత్తి, నడినెత్తి మీదకి కిటికీ వెలుగు పడేలా నా తల వంచి, కుడికంటితో ఒకసారి ఎడమకంటితో ఒకసారి చూసి "ఖాళీ" అన్నాడు. దివానియాలో ఉన్న కువైటీలకి తెలుగు రాదు, అయినా నవ్వారు.

ఆయన సామాన్లన్నీ చిన్న తాళం బిగించుకున్న ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఉండేవి. ఆరంటే ఆరు. మూడు ముక్కలుగా ఊడదీసే కర్ర కడ్డీ, ఎందుకంటే ఇనుపదైతే గొట్టం లోపల గీస్తుంది. ఆ కడ్డీ చివర తగిలించే కంచు తీగల బ్రష్, అది గొట్టంలో కొత్త చెప్పులా కొంచెం బిగుతుగా వెళ్ళాలి, సగంలో వెనక్కి లాగకూడదు, అటు చివర బయటికి వచ్చాకే లాగాలి. మూలల్లో ఇసుక తీయడానికి పళ్ళు తోముకునే బ్రష్. ఆ బ్రష్‌లు ఎక్కణ్ణుంచి వచ్చేవో నేను చాలాకాలం అడగలేదు, నాది పోయాక అడిగాను. తుడవడానికి నూలు బనియన్ ముక్కలు. పాత బనియన్ వేసుకుని ఆయన ఎదురుగా నిలబడాలంటే నాకు భయం. ఒకసారి ఆయన కన్ను పడిందంటే దాని ఆయుష్షు మూడినట్టే. అయిదోది ఒక స్క్రూడ్రైవరు, దాని మొన ఆకురాయితో అరగదీసి, స్క్రూ గాడిలో ఈ గోడకీ ఆ గోడకీ ఆనేలా చేసుకున్నాడు. ఆరోది నూనె. అదీ ఒక్క చుక్క, వేలితో రాసి మళ్ళీ బనియన్‌తో తుడిచెయ్యడమే. "తుపాకీకి నూనె చూపించాలి అల్లుడు గారూ, పొయ్యకూడదు. పోస్తే ఇసుక పట్టేత్తాది."

ఇంకోమాట కూడా రోజూ అనేవాడు. ఇంట్లో చేసే పని తుడవడం వరకే, విప్పడం దుకాణంవాడి పని అని. స్క్రూడ్రైవరు వదులైన స్క్రూ బిగించడానికి మాత్రమే. ఈ మాట నేను వందసార్లు విన్నాను. వందసార్లు విన్నాక కూడా చెయ్యగలిగాను కాబట్టే ఏడో తరగతి రెండుసార్లు చదివాను.

సుమారు అయిదేళ్ళ కిందట, సెప్టెంబరులో ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళాడు. బల్ల మీద కఫీల్ వాళ్ళ నాన్న నాటి జోడుగొట్టాల తుపాకీ ఉంది. దాని పక్కకి బిగించిన ఉక్కు రేకు మీద డేగ బొమ్మ చెక్కి ఉంటుంది. ఆ రేకు కింద ఇసుక చేరిందేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆయన డబ్బాకి తాళం వేసి వెళ్ళాడు. నేను కారు డిక్కీలోంచి స్క్రూడ్రైవరు తెచ్చాను. మొన సన్నగా ఉండే మామూలుది. గాడిలో పెట్టి బలంగా తిప్పాను. అది జారి, డేగ కంటి మీదుగా తోక దాకా వెళ్ళి ఆగింది. తెల్లటి గీత.

భోజనం ముగించి పెద్దాయన వచ్చి చూశాడు. తిట్టలేదు. కళ్ళద్దాలు తీసి దారం విప్పి మడిచాడు, అంతే.

అప్పుడు నా పరిస్థితి ఏంటో చెప్పాలి. నేను కిందటిసారి ఊరు నుంచి తిరిగొచ్చిన మూడో నెలలో నాకు పాప పుట్టింది. దాన్ని నేను ఫోన్‌లో తప్ప చూడలేదు. అక్టోబరులో మొదటి పుట్టినరోజు. సెలవు ఇచ్చారు, టికెట్టు తీశారు, గౌను కొన్నాను. ఇదంతా ఆయనకి తెలుసు. గౌను ఆయనే ఎంచాడు కూడా, కొంచెం పెద్దది తీసుకో, పిల్లలు ఫోన్‌లో చిన్నగా కనపడతారు అని.

"మావయ్యా, ఒక్క మాట సాయం చెయ్యి. పాత గీతని చెప్పు. బాబాకి నీ మాట మీద గురి. పాప పుట్టినరోజుకి వెళ్ళొచ్చేస్తాను" అన్నాను. కఫీల్ని మేమంతా బాబా అనేవాళ్ళం.

ఆయన చాలాసేపు తువ్వాలు సాపు చేశాడు. "తుపాకీ దగ్గర ఒక్కసారి అబద్ధం ఆడితే, రేపు నేను ఖాళీ అంటే ఎవరు నమ్ముతారు?"

సాయంత్రం బాబా వచ్చి ఎవరు చేశారని అడిగాడు. పెద్దాయన నన్ను చూపించాడు. వేలితో కూడా కాదు, గడ్డంతో. సెలవు ఖలాస్. చలికాలం పోటీల సీజన్ అయ్యాక చూద్దామన్నారు, అంటే మార్చి. పుట్టినరోజు నాడు నేను కారు నీడలో కూర్చుని ఫోన్‌లో కేకు చూశాను. పాప కేకు వదిలేసి ఫోను నాకింది.

మాట బాగుంది. ఇప్పుడు రాస్తుంటే కూడా బాగుంది. కాని ఆ మాట ఖరీదు ఆయన కట్టలేదు, నేను కట్టాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నమ్మకం అంటూ ఏ మాట కోసమైతే నన్ను ముంచాడో ఆ మాటే పోగొట్టాలి. చలికాలంలో అందరి ముందూ ఆయన తుడిచిన తుపాకీ పేలకుండా ఉండాలి. ఇరవై ఏళ్ళ పరువు ఒక్క 'టిక్' అనే చప్పుడుతో పోవాలి.

దీనికి కావలసిన సామాను నా దగ్గరే ఉంది. మా అమ్మ పంపిన గానుగ కొబ్బరినూనె. మా వైపు పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలిసే సంగతి ఒకటుంది: చలి పడితే ఆ నూనె పేరుకుంటుంది. పుష్యమాసం పొద్దున సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు, ఎండలో పెట్టుకోవాలి. తుపాకీ లోపల కొబ్బరినూనె ఉండి, జనవరి పొద్దున ఎడారి చలి తగిలితే, లోపల కదలాల్సినవి కదలవు. గది తుడిచే వంకతో వెళ్ళి, తాళం వెయ్యని ఒక్క రోజు చూసుకుని, ఆయన సీసాలో నూనె పారబోసి మాది నింపాను. రెండూ నీళ్ళలాగే ఉన్నాయి. ఇక చలి రావడమే తరువాయి. ఆ మూడు నెలలూ నేను వాతావరణం వార్తలు చూసినంత శ్రద్ధగా మా ఊరి రైతులు కూడా చూసి ఉండరు.

గీత పడ్డ రోజు నుంచీ గదిలో తుపాకుల వైపు పోవద్దని నాకు ఆర్డరు. అందుకని తర్వాత అక్కడేం జరిగిందో నాకు తెలీదు.

జనవరిలో ఒక శుక్రవారం పొద్దున్నే ఊరి బయట కాల్చే మైదానానికి వెళ్ళాం. నోట్లోంచి పొగలొస్తున్నాయి. బాబా స్నేహితులు పదిమంది. నేను కారుకి ఆనుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, ఆ 'టిక్' కోసం చెవులు రిక్కించాను. బాబా కేకేశాడు. మట్టి పళ్ళెం ఎగిరింది. ఢాం. పళ్ళెం పొడి పొడి. రెండోది, ఢాం. మూడోది. అలా సాగుతూనే ఉంది. ఆ పొద్దున బాబా కాల్చినంత బాగా ఎప్పుడూ కాల్చలేదు. ప్రతి పళ్ళేనికీ నాలో ఏదో పగులుతోంది.

పెద్దాయన తాపీగా నా దగ్గరికి నడిచొచ్చాడు. కోటు జేబులోంచి చిన్న సీసా తీసి, నా కళ్ళ ముందు తలకిందులు చేశాడు. లోపల తెల్లగా, నెయ్యిలా గడ్డకట్టి ఉంది.

"చలికాలం కోసం కాచుకున్నావు గాని అల్లుడు గారూ, ఆ గదిలో ఏసీ పన్నెండు నెలలూ ఆగదు కదా. నువ్వు పోసిన మర్నాడే పేరుకుపోయింది" అన్నాడు.

డ్రైవరు గదిలో ఏసీ దగ్గుతుంది తప్ప చల్లబరచదు. నాకు కువైట్ అంటే ఎండే. తుపాకులు మాకంటే చల్లగా బతుకుతున్నాయన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

"బాబాకి చెప్తావా?" అన్నాను. తుపాకీలో చెయ్యి పెట్టానని తెలిస్తే సెలవు కాదు, జైలు. పాపని ఇక ఎప్పుడు చూస్తానో దేవుడికే తెలియాలి.

"అడిగితే చెప్తాను."

అదీ ఆయన తీర్చుకున్న పగ. నాది కొబ్బరినూనె, ఆయనది నోరు. ఆ మర్నాడే బాబాతో తన చూపు తగ్గిందనీ, చేతికింద నేను కావాలనీ చెప్పి నన్ను మళ్ళీ ఆ గదిలోకి తెచ్చుకున్నాడు. ఇక బాబా గుమ్మంలో కనపడితే చాలు, చేతిలో పని ఆపి, నా వంక తీరిగ్గా చూసి, "బాబా…" అని మొదలెట్టేవాడు. అక్కడ ఆగేవాడు. "…పాత బనియన్లుంటే ఇప్పించండి" అనేవాడు. ఇంకోరోజు, "బాబా, మీకొక సంగతి చెప్పాలి," మళ్ళీ ఆగి, "కిటికీ అద్దం మురిగ్గా ఉంది." రెండున్నర నెలలు. నేను ఎన్ని బనియన్లు ఇచ్చానో నాకే తెలుసు. కొత్తవి కూడా ఇచ్చాను.

బాబా ఎప్పుడూ అడగలేదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రెండున్నర నెలలూ నేను తుపాకీ చూసి ఖాళీ అన్న ప్రతిసారీ, ఆయన నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మొదట్నుంచీ చూసేవాడు. కుడికన్ను, ఎడమకన్ను, చిటికెన వేలు. నన్ను అవమానించడానికే అనుకునేవాణ్ణి, అవమానపడేవాణ్ణి, పళ్ళు నూరుకునేవాణ్ణి. మార్చి చివర, నేను ఊరెళ్ళే ముందు రోజు, ఆ డేగ బొమ్మ తుపాకీ తుడిచి, చూసి, తడిమి, "ఖాళీ" అన్నాను. ఆయన తీసుకుని, చూడకుండా, నేరుగా బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పాప పుట్టినరోజు తినేసింది ఆయన చేసిన మొదటి అన్యాయమైతే, ఇది రెండోది. మనిషి నమ్మేస్తే ఇక వాడి మీద పగ ఎలా మొయ్యాలి? చేతులు రెండూ నిండిపోతాయి కదా.

ఊరెళ్ళాను. పాప నడుస్తోంది. నన్ను చూసి మా అమ్మ వెనక్కి పరుగెత్తింది. గౌను సరిగ్గా సరిపోయింది, ఆయన చెప్పిన కొలతే. దానికీ మండింది నాకు.

తిరిగొచ్చేసరికి పెద్దాయన లేడు. వయసు మీరిందని ఇఖామా మళ్ళీ వెయ్యలేదట, ఖలాస్ అయి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక ఆయనకి చెప్పాల్సిన మాటలు విమానంలో వరసగా పేర్చుకుని వచ్చాను, అవన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. ఆ ఇంట్లో వంట చేసే నరసాపురం అక్క బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టింది. లోపల ఆరు సామాన్లు ఉన్నాయి. ఆరోదాని పక్కన ఏడోది. ఒకే రకం సీసాలు రెండు, రెంటికీ కాగితం చుట్టి దారం కట్టాడు. అదే దారం, కళ్ళద్దాలది. ఒకదాని మీద 'తుపాకీకి' అని రాసుంది. తెల్లగా పేరుకున్నదాని మీద 'తలకి' అని రాసుంది.

జవాబివ్వాలని నాలుగేళ్ళు ఆలోచించాను. ఏ మాటా ఆ రెండు చీటీల ముందు నిలబడలేదు. ఈలోగా నిద్రలోనే పోయాడని కబురు. నా వంతు రాకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఏడవలేదు నేను. ఆ రోజు తలకి నూనె రాసుకున్నాను, ఆ సీసాలోదే. కారు వాసన వాసనగా ఉందని బాబా అన్నాడు.

సరే, దుకాణం సంగతి. అరవై సామాన్ల పెట్టె మూయించాను. కర్ర కడ్డీ దొరకలేదు, ఇత్తడిది తీసుకున్నాం. కంచు తీగల బ్రష్, గాడికి గోడ నుంచి గోడకి ఆనే స్క్రూడ్రైవరు, నూనె. పళ్ళ బ్రష్, బనియన్లు ఇంట్లోవే చాలన్నాను. నా దగ్గరున్న బిస్కెట్ల డబ్బా ఊసు మాత్రం ఎత్తలేదు. ఇంటికొచ్చి తువ్వాలు పరిచి, ముందు కళ్ళు, తర్వాత వేలు, తర్వాత నోరు అని చూపించాను. అబ్బాయి ముచ్చటపడి, ఇదంతా నీకెవరు నేర్పారు అని అడిగాడు.

"ఎవరూ లేరు. నేనే" అన్నాను.

అదీ దెబ్బ. ఆయన ఇరవై ఏళ్ళ విద్యని ఒక్క మాటతో నా పేరు మీద వేసుకున్నాను. అడిగితే చెప్తాను అన్న మనిషికి, అడిగినా చెప్పని మనిషిని నేను. మరునాడు అబ్బాయి తుపాకీ చూసి ఖాళీ అంటే, నేను అతని చేతిలోంచి తీసుకుని మళ్ళీ మొదట్నుంచీ చూశాను. వచ్చే సీజన్ దాకా చూస్తూనే ఉంటాను.

ఇదంతా ఫోన్‌లో టైపు చేసి, నిన్న వంటగదిలో నరసాపురం అక్కకి ఇచ్చాను. రోజూ బైబిలు చదివే మనిషి, తెలుగు గడగడా చదువుతుంది. బియ్యం నానబోసి, చేతులు తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని మొదట్నుంచీ చివరిదాకా చదివింది. బెంచీ దగ్గర నవ్వింది, సీసాల దగ్గర నవ్వలేదు. నేను ఉండబట్టలేక, "చూశావా అక్కా, ఇంత రాసినా ఎక్కడా ఆయన పేరు పడనివ్వలేదు" అన్నాను.

అక్క ఫోను నా చేతికిచ్చి లేచింది.

"ఆయన పేరు రాయకపోవడం పగ అన్నావు, సరే. మరి పాప పేరు కూడా ఎక్కడా లేదేంట్రా? దాని మీదేం పగ నీకు?"